పెళ్ళి ఫోటో, ఉత్సవం ఫోటో, కత్తిరించిన పేరు: తొలగింపు నోటీసు పంపే ముందు

మీ ప్రశ్నలో మూడు ఫోటోలున్నాయి. చెన్నై మైలాపూర్ కపాలీశ్వరాలయం వద్ద అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపులో మీరు తీసిన ఫోటోను ఒక వార్తా సైటు కింద ‘ఫోటో: ఇంటర్నెట్’ అని రాసి వేసుకుంది. నిరుడు ఒక తెలుగువారి పెళ్ళిలో తీసిన పెళ్ళికూతురి ఫోటోను టి. నగర్‌లోని చీరల దుకాణం తన ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ప్రకటనగా పెట్టుకుంది. కాశిమేడు రేవులో తెల్లవారుజామున తీసిన పడవల ఫోటో నుంచి మూలన ఉన్న మీ పేరు కత్తిరించి ఒక ఫేస్‌బుక్ పేజీ తనదిగా చూపుకుంటోంది. స్నేహితుడు ఇచ్చిన డీఎంసీఏ (అమెరికా కాపీరైట్ చట్టం) తొలగింపు నోటీసు నమూనాలో పేర్లు మార్చి ముగ్గురికీ పంపితే సరిపోతుందా, అంతకు ముందు కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించాలా అని అడిగారు.

అలా పంపకండి. ముగ్గురి దగ్గరా మీకు కావలసింది ఒకటి కాదు, ముగ్గురికీ ఒకే దారి పనిచేయదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఈ మూడింటిలో ఒక ఫోటో చట్టం దృష్టిలో మీది కాకపోవచ్చు. నేను న్యాయవాదిని కాను. చెన్నైలో ఫోటోగ్రాఫర్లకు ఒప్పంద పత్రాలు, ఇలాంటి ఫిర్యాదులు సిద్ధం చేసి పెట్టే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ నమూనాలోని చివరి పేరాలు నెమ్మదిగా చదవండి. డీఎంసీఏ అమెరికా 1998లో చేసిన చట్టం. దాని 512వ సెక్షన్ ప్రకారం పంపే నోటీసులో మీ సంతకం, అసలు ఫోటో ఏదో, నకలు ఏ లింకులో ఉందో, మిమ్మల్ని సంప్రదించే వివరాలు ఉండాలి. ఈ వాడకానికి హక్కుదారు అనుమతి గానీ, చట్టం అనుమతి గానీ లేదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానని రాయాలి. ఇచ్చిన సమాచారం సరైనదని చెప్పాలి. హక్కుదారు తరఫున ఫిర్యాదు చేసే అధికారం తనకు ఉందని, ఇది అబద్ధమైతే తప్పుడు ప్రమాణానికి పడే శిక్షకు లోబడతానని ఒప్పుకోవాలి. కావాలని తప్పు చెబితే అవతలివారికి నష్టపరిహారం, వారి లాయరు ఖర్చులు కట్టవలసి రావచ్చు. అంటే అది కోపంలో నొక్కే బటన్ కాదు, ప్రమాణ పత్రం.

అమెరికా చట్టం చెన్నై ఫోటోకు ఎలా వర్తిస్తుందని చాలామంది అడుగుతారు. గూగుల్, ఫేస్‌బుక్‌నూ ఇన్‌స్టాగ్రామ్‌నూ నడిపే మెటా అమెరికా సంస్థలు. దేశాలు ఒకరి కాపీరైట్‌ను మరొకరు గుర్తించే బెర్న్ ఒడంబడికలో మన దేశం 1928 నుంచీ, అమెరికా 1989 నుంచీ ఉన్నాయి కాబట్టి ఇక్కడ తీసిన ఫోటోకు అక్కడా రక్షణ ఉంది. అందుకే ఆ కంపెనీల ఫారాలు మనకూ పనికొస్తాయి.

మన చట్టంలోనూ ఒక దారి ఉంది. కాపీరైట్ చట్టం 52(1)(సి) సెక్షన్, 2013 నాటి కాపీరైట్ నిబంధనల్లో 75వ నిబంధన కలిపి చదవాలి. ఇతరులు పెట్టిన వాటిని తాత్కాలికంగా నిల్వచేసి అందుబాటులోకి తెచ్చే సంస్థకు రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే, అది సబబని తోస్తే 36 గంటల్లో ఆ ఫోటో ఎవరికీ అందకుండా ఆపాలి. ఆ నిలుపుదల 21 రోజులకే. ఈలోగా కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే వాళ్ళు తిరిగి పెట్టుకోవచ్చు. దావా వేసి ఉత్తర్వు తెస్తానని ఫిర్యాదులోనే మీరు హామీ ఇవ్వాలి. ఎక్కడో దొరికిన నమూనాను చదవకుండా నింపేవారిలో ఎక్కువమందికి ఆ హామీ ఇచ్చామన్న సంగతే తెలియదు. దావా వేసే ఉద్దేశం లేకపోతే ఈ దారి పట్టకండి, కంపెనీల సొంత ఫారాలే నయం.

ఇప్పుడు పెళ్ళి ఫోటో. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇదే, మీరు మాత్రం దీన్ని అన్నిటికన్నా తేలిక అనుకున్నట్టున్నారు.

కెమెరా పట్టినవారే ఫోటోకు కర్త. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 2(డి) సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కానీ కర్త వేరు, యజమాని వేరు. డబ్బు తీసుకుని ఒకరి కోరికపై తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని అని 17(బి) చెబుతుంది. పెళ్ళివారు అడ్వాన్సు ఇచ్చి మిమ్మల్ని పిలిచారు. మీ మధ్య రాతకోతలేమీ లేవు, వాట్సాప్‌లో తేదీ, మొత్తం, ఆల్బం పేజీల లెక్క మాత్రమే ఉన్నాయి అనుకుందాం. అప్పుడు ఆ ఫోటోల కాపీరైట్ పెళ్ళివారిది. అసలు ఫైళ్ళు మీ హార్డ్‌డిస్కులో ఉన్నంత మాత్రాన యాజమాన్యం మీకు రాదు. మన ఊళ్ళో తిరిగే ఫోటోగ్రాఫర్లలో చాలామంది ఈ సెక్షన్ విని నమ్మరు. విదేశీ ఫోటోగ్రాఫర్ల వీడియోలు చూసి, తీసినవారిదే హక్కు అని స్థిరపడిపోయారు.

మీరు స్టూడియో తరఫున రెండో కెమెరాగా వెళ్ళి ఉంటే లెక్క ఇంకా మారుతుంది. తీయించుకున్నవారివి కానివైతే, జీతానికి పనిచేసే ఉద్యోగి తీసినవి సాధారణంగా స్టూడియోవి. రోజు కూలికి వెళ్ళినవారైతే స్టూడియోతో ఏమి రాసుకున్నారో ముందు చూడాలి.

దీనికన్నా ముందు పెళ్ళికూతురి ఇంటికి ఒక ఫోను చేయండి. చీర ఆ దుకాణంలోనే కొన్నారా? కొనేటప్పుడు ‘పెళ్ళిలో కట్టుకున్న ఫోటో పంపితే మా పేజీలో పెడతాం’ అని సేల్స్‌మన్ అన్నాడా? టి. నగర్‌లో ఇది రోజూ జరిగే వ్యవహారమే. పెళ్ళికూతురో ఆమె చెల్లెలో మీ ఆల్బంలోంచి ఒకటి ముచ్చటపడి పంపి ఉండవచ్చు. అలా జరిగి, కాపీరైట్ వారిదే అయితే, ‘అనుమతి లేకుండా వాడారు’ అని మీరు సంతకం పెట్టే వాక్యం అబద్ధం అవుతుంది. పైగా కస్టమరుతో మీ సంబంధం అక్కడితో సరి.

వారు పంపలేదనీ, ముఖం ప్రకటనలో కనిపించడం వారికీ ఇష్టం లేదనీ తేలితే ఫిర్యాదు వారి పేరనే వెళ్ళాలి, లేదా వారి తరఫున ఫిర్యాదు చేసే అధికారం ఇస్తున్నట్టు మీకు ఒక మెయిల్ రాసివ్వాలి. అదే గట్టి దారి కూడా. ఆమెకు కాపీరైట్‌తో పాటు, తన ముఖాన్ని వ్యాపారానికి వాడుకున్నారన్న వేరే అభ్యంతరం కూడా ఉంటుంది. దుకాణం వారు దానికే ముందు జంకుతారు.

మీకంటూ ఏమీ మిగలదా అంటే, మిగులుతుంది. 57వ సెక్షన్ ప్రకారం కర్తగా మీ పేరు వేయమని అడిగే హక్కు, మీ పేరుకు భంగం కలిగేలా ఫోటోను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు కాపీరైట్ చేతులు మారినా మీ దగ్గరే ఉంటాయి. తొలగింపు ఫారంలో దానికి గడి ఉండదు గానీ, ఉత్తరంలో అడగవచ్చు.

ఇన్ని పత్రాల కన్నా ముందు ఆ దుకాణానికి స్వయంగా వెళ్ళి రావడం మంచిదని నా అభిప్రాయం. అలాంటి పేజీలను తరచు ఏదో చిన్న ప్రచార సంస్థ నడుపుతుంది, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానికి ఏ ఫోటో ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు. తెలుగు మాట్లాడేవారు ఎలాగూ ఒకరుంటారు. ఫోటో చూపించి నాలుగు ముక్కలు నెమ్మదిగా చెబితే సాయంత్రానికి తీసేసే అవకాశం ఎక్కువ. వెళ్ళే ముందు మాత్రం రుజువులు దాచుకోండి.

రుజువుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నోటీసు అందగానే మొదట మాయమయ్యేవి అవే. ఫోనులో తీసిన ముక్క స్క్రీన్‌షాట్ చాలదు. కంప్యూటర్‌లో పేజీ మొత్తం, పైన పూర్తి లింకు, తేదీ, పేజీ పేరు, ఎంతమంది చూశారో కనబడేలా తీయండి. పేజీ తెరవడం నుంచి ఫోటో దాకా ఒక స్క్రీన్ రికార్డింగ్ చేయండి. వెబ్‌సైటు అయితే పాత వెబ్ పేజీల నకళ్ళు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని భద్రపరచండి. మూడో మనిషి దగ్గర ఉన్న నకలు కాబట్టి మీరు సృష్టించారని అనడానికి వీలుండదు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు అందులో సరిగా నిలవవు, వాటికి రికార్డింగే దిక్కు. వ్యవహారం కోర్టుకు వెళితే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలులో ఏది మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య, అడుగుతారు. అందుకే ఇప్పుడు దాచే ఫైళ్ళను తర్వాత తెరిచి సవరించకండి, పేరు కూడా మార్చకుండా ఒక నకలు పక్కన పెట్టండి.

ఫోటో మీరే తీశారనడానికి చాలామంది ఎక్సిఫ్ వివరాలు, అంటే కెమెరా ఫైలులోనే రాసే తేదీ, సెట్టింగులు, చూపిస్తారు. పనికొస్తాయి గానీ వాటిని ఎవరైనా మార్చగలరు, కెమెరా గడియారం తప్పు చూపుతూ ఉండవచ్చు, సామాజిక మాధ్యమాలకు ఎక్కించినప్పుడు సాధారణంగా చెరిగిపోతాయి కూడా. నేను మొదట అడిగేది రా ఫైలు (కెమెరా నేరుగా దాచిన అసలు ఫైలు), దానితో పాటు ఆ ఫోటోకు ముందు వెనుక తీసిన ఫ్రేములు. ఊరేగింపులో ఒకే చోట నిలబడి మీరు వరసగా తీసి ఉంటారు. ఒకదానిలో పల్లకి కొంచెం ఎడమకు, ఒకదానిలో ఎవరిదో చెయ్యి అడ్డం. దొంగిలించినవాడి దగ్గర ఉండేది ఆ ఒక్క ఫోటోనే, దాని అన్నదమ్ములు ఉండవు. పనికిరావని ఫ్రేములన్నీ తుడిచేసే అలవాటు మీకుంటే మానుకోండి.

మైలాపూర్ ఫోటో విషయానికి వస్తాను. అది ఎవరూ డబ్బిచ్చి తీయించలేదు కాబట్టి నిస్సందేహంగా మీది. ఒక్క మినహాయింపు: ఆ ఫోటోను ఏదైనా పోటీకి పంపారా, వికీమీడియా కామన్స్‌లోనో అన్‌స్ప్లాష్‌లోనో (ఉచిత ఫోటోల సైట్లు) పెట్టారా? అక్కడ ఉచిత అనుమతి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. పోటీల నిబంధనల్లోనూ హక్కులు రాసిచ్చే వాక్యాలు దాగి ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనబడేలా పెట్టడం వేరు. దానివల్ల ఆ కంపెనీకి చూపించే అనుమతి వస్తుంది గానీ, దారిన పోయే వార్తా సైటుకు రాదు. ‘ఫోటో: ఇంటర్నెట్’ అన్న మాటకు విలువ లేదు. అది ఎవరి దగ్గరా అడగలేదని తమంతట తామే రాసిచ్చిన వాంగ్మూలం. మీ పేరు వేసి ఉన్నా అది అనుమతితో సమానం కాదు.

ఇక్కడ మీకేమి కావాలో ముందు తేల్చుకోండి. ఫోటో పోవాలా, పేరు రావాలా, డబ్బు రావాలా? డబ్బు కావాలంటే ముందు తొలగింపు నోటీసు పంపకండి. చట్టం ప్రకారం తీసేశాక కూడా వాడుకున్న కాలానికి పరిహారం అడగవచ్చు, దావాకు మూడేళ్ళ గడువు ఉంది. కానీ ఫోటో తీసేసిన సంపాదకుడికి మీ బిల్లు కట్టే తొందర ఉండదు, ఆయన దృష్టిలో ఆ కథ ముగిసింది. కాబట్టి ముందు బిల్లు, అది పని చేయకపోతే నోటీసు.

ఆ మెయిల్ ఇంగ్లీషులోనే వెళుతుంది గానీ సారం ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీన మీ సైటులో ఫలానా లింకులో వాడిన ఫోటో నేను తీసినది. అసలు ఫైలు, అదే వరసలోని మరి రెండు ఫోటోలు చిన్న పరిమాణంలో జతచేస్తున్నాను. దీనికి మీరు అనుమతి తీసుకోలేదు. వాడకం కొనసాగించదలిస్తే నా రుసుము ఇంత, పేరు ఇలా వేయాలి. అక్కర్లేదనుకుంటే తీసేసి, ఇంతవరకు వాడినందుకు ఇంత చెల్లించండి. పదిహేను రోజుల్లో జవాబు కోరుతున్నాను.’ అంతే. జైలు, పోలీసు, పరువు నష్టం లాంటి మాటలు రాయకండి. రుసుము మీరు మామూలుగా తీసుకునే ధరకు దగ్గరగా ఉండాలి. లక్షలు అడిగితే జవాబు లాయరు నుంచి వస్తుంది.

వారు ఒక వాదన తేగలరు. వర్తమాన విషయాల వార్తల కోసం న్యాయమైన మేరకు వాడుకోవచ్చని 52వ సెక్షన్ అంటుంది. ఆ రోజు ఊరేగింపు వార్తకే వాడి ఉంటే దాన్ని పట్టుకుని కొంత వాదిస్తారు. చెన్నైలో చూడవలసిన గుళ్ళు అన్న వ్యాసానికి అలంకారంగా పెట్టి ఉంటే ఆ వాదన నిలవడం కష్టం. కాబట్టి అది ఏ కథనమో ముందు చదవండి. మెయిల్‌కు స్పందించకపోతే సైటులో ఇచ్చిన ఫిర్యాదుల అధికారికి రాయండి. 2021 ఐటీ నిబంధనల ప్రకారం డిజిటల్ వార్తా సంస్థలు ఆ అధికారి వివరాలు ప్రకటించాలి.

దావా దాకా వెళ్ళాల్సి వస్తే సైటు ఢిల్లీదైనా మీరు చెన్నైలోనే వేయవచ్చు. ఫిర్యాది నివసించే చోటే దావా వేసే వీలు 62వ సెక్షన్ ఇచ్చింది. మద్రాసు హైకోర్టులో 2023 నుంచి మేధో సంపత్తి విభాగం ప్రత్యేకంగా ఉంది, కానీ ఒక ఫోటో రుసుము వంటి చిన్న మొత్తం అక్కడికి చేరదు, కింది కోర్టులోనే నడుస్తుంది. ఒక్క ఫోటో కోసం ఆ ఖర్చు గిట్టదని చెప్పడానికి లాయరు అక్కర్లేదు.

కాశిమేడు పడవల సంగతి తేలిక. అక్కడ మాట్లాడటానికి మనిషే లేడు, పేజీ నడిపేది ఎవరో తెలియదు. మెటా కాపీరైట్ ఫారం నింపండి. పేజీ లింకు ఇచ్చి ఊరుకోకండి, ఆ పోస్టు లింకు ఇవ్వండి. ఏది ఎక్కడ ఉందో స్పష్టంగా చూపకపోతే ఫేస్‌బుక్ లాంటి వేదికను బాధ్యురాలిని చేయడం కష్టమని 2016లో మైస్పేస్ అనే సైటు కేసులో ఢిల్లీ హైకోర్టు తీర్పు నుంచి అర్థమవుతుంది. మీరు రాసిన పేరు, మెయిల్ అవతలి మనిషికి చేరవచ్చు. కాబట్టి ఇంటి చిరునామా, సొంత మెయిల్ కాకుండా వృత్తికి వాడేవి ఇవ్వండి. ముఖ్యంగా మీరు ఆడవారైతే ఈ జాగ్రత్త తప్పనిసరి.

పేరు కత్తిరించడం విడిగా ఒక నేరం. హక్కుల సమాచారాన్ని తెలిసి తొలగిస్తే 65బి సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. ఫిర్యాదులో ఆ సంగతి ఒక వాక్యంలో రాసి, మీ పేరున్న అసలు పోస్టు లింకు పక్కన పెట్టండి. చూసేవారికి వెంటనే విషయం అర్థమవుతుంది.

పేజీవాడు ఊరుకోకుండా, తొలగింపు తప్పని మెటాకు ఎదురు నోటీసు ఇవ్వవచ్చు. అప్పుడు మీరు కోర్టులో చర్య మొదలుపెట్టినట్టు చూపకపోతే 10 నుంచి 14 పని దినాల్లో ఫోటో తిరిగి వస్తుంది. ఆ ఎదురు నోటీసులో తన పేరు, చిరునామా చెప్పి అమెరికా కోర్టు పరిధికి లోబడతానని రాయాలి కాబట్టి ఇలాంటి పేజీలవాళ్ళు ఆ సాహసం చేయడం అరుదు.

గూగుల్‌కు ఫిర్యాదు చేస్తే వెతుకులాట ఫలితాల నుంచే తీస్తుంది, సైటులో ఫోటో అలాగే ఉంటుంది. ఆ నోటీసు నకలు లూమెన్ అనే బహిరంగ భాండాగారంలో చేరవచ్చు. సైటు నుంచే పోవాలంటే దాన్ని నిలిపి ఉంచే హోస్టింగ్ సంస్థను హూయిజ్ వివరాల్లో (సైటు ఎవరి పేర నమోదైందో చూపే బహిరంగ జాబితా) వెతికి రాయాలి. అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ పేరు కనబడితే అది సాధారణంగా సైటు ముందుండే తెర మాత్రమే. వారి ఫిర్యాదు ఫారం నింపితే అసలు హోస్టుకు చేరవేస్తారు. యూట్యూబ్‌లో ఎవరైనా మీ ఫోటోను వీడియోలో వాడితే, వెంటనే కాకుండా ఏడు రోజుల గడువిచ్చి తొలగించమనే వీలు ఉంది. తెలిసీ తెలియక చేసిన చిన్న ఛానళ్ళకు నేను అదే సూచిస్తాను. మూడు స్ట్రైకులు (కాపీరైట్ హెచ్చరికలు) పడితే ఛానలే పోతుంది, అంత శిక్ష ప్రతి ఫోటోకూ అవసరం లేదు. వాట్సాప్ ఫార్వర్డుల వెంట పడకండి.

పోలీసు ఫిర్యాదు గురించి ఎవరో సలహా ఇచ్చారన్నారు. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్న మాట నిజం. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వ్యాపారంగా వందల ఫోటోలు దొంగిలించి అమ్మేవాడి మీద వాడవలసిన ఆయుధం అది. చీరల దుకాణం మీద ప్రయోగిస్తే, ముఖ్యంగా యాజమాన్యం మీదో కాదో తేలని ఫోటో మీద, ఎదురుదెబ్బ తగులుతుంది. ఆధారం లేకుండా చట్టం పేరుతో బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవారే దావా వేసి నష్టం రాబట్టుకునే వీలు 60వ సెక్షన్‌లో ఉంది.

ఇకపై పెళ్ళి ఒప్పుకునేటప్పుడు రసీదు వెనకాలైనా సరే ఒక రాత ఉంచండి: ఫోటోల కాపీరైట్ ఫోటోగ్రాఫర్‌ది, కస్టమర్ ఇంట్లోనూ సొంత సామాజిక మాధ్యమాల్లోనూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు, వ్యాపార సంస్థలకు ఇవ్వాలంటే ఇద్దరి సమ్మతి కావాలి. ఇద్దరూ సంతకం చేయాలి. కొందరు పెళ్ళివారు ఒప్పుకోరు, తమ పిల్ల ఫోటోల మీద మీ హక్కేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అప్పుడు హక్కు వారికే వదిలేసి, మీ పనితనం చూపుకోవడానికి కొన్ని ఫోటోలు వాడుకునే అనుమతి మాత్రం రాయించుకోండి.

రిజిస్ట్రేషన్ సంగతి. తొలగింపు నోటీసుకు అది అక్కర్లేదు, దావాకూ తప్పనిసరి కాదు. ఫోటో తీసిన క్షణం నుంచీ హక్కు ఉంటుంది, మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు. రిజిస్టరులో ఉంటే తప్పని రుజువయ్యేదాకా కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకుంటుంది, లాభం అంతే. ఫారం 14, ఒక్కో ఫోటోకు 500 రూపాయలు, అభ్యంతరాల కోసం కనీసం నెల రోజుల నిరీక్షణ. వార్తా సైటు మొండికేసేలా ఉంటే మైలాపూర్ ఫోటో ఒక్కదానికి చేయించండి. పడవలదానికి అనవసరం. పెళ్ళి ఫోటోకు మీ పేరున దరఖాస్తు పెట్టే ముందు పెళ్ళివారితో ఆ ఫోను మాట్లాడటం పూర్తి చేయండి.